ఏడు రోడ్లూ మూసిన రోజులు

శ్రీకాకుళం ఆఫీసుల్లో పనిచేసి, విశాఖ నుంచో విజయనగరం నుంచో రోజూ అప్ అండ్ డౌన్ కొట్టినవాళ్లు ఇద్దరు ఎక్కడ కలిసినా, కాసేపటికి మాట బంద్‌ల మీదికి మళ్లుతుంది. ఎవరెంత కష్టపడి ఇల్లు చేరారన్న గోల కంటే లెక్కలే ఎక్కువ వినిపిస్తాయి. ఏ రకం ఆందోళన అయితే ఎంతసేపు ఆగాలి, ఎక్కడ దిగిపోవాలి, ఏ బస్సు ఎక్కకూడదు. ఇప్పుడు ఫోన్‌లో మ్యాపు తీస్తే రోడ్డు ఎర్రగా కనిపిస్తుంది, అంతటితో సరి. ఆ ఎరుపు ఎప్పుడు పోతుందో మాత్రం మ్యాపు ఇప్పటికీ సరిగ్గా చెప్పలేదు. అప్పట్లో శ్రీకాకుళం డే అండ్ నైట్ కూడలి దగ్గర టీ కొట్టువాడు చెప్పేవాడు, అదీ పావుగంట తేడాలో.

ముందు ఊరి అమరిక తెలియాలి. శ్రీకాకుళం పట్నానికి రైలు స్టేషన్ లేదు. శ్రీకాకుళం రోడ్ అని బోర్డున్న స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, పట్నానికి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. రైలు దిగినవాళ్లు బస్సో షేర్ ఆటోనో పట్టుకుని రాగోలు మీదుగా పాలకొండ రోడ్డులో ఊళ్లోకి రావాలి. జాతీయ రహదారేమో ఊరి పక్క నుంచి పోతుంది. విశాఖ వైపు నుంచి వచ్చే బస్సు నవభారత్ జంక్షన్ దగ్గర రహదారి వదిలి, నాగావళి మీద వంతెన దాటి, డే అండ్ నైట్ కూడలికి చేరుతుంది. నరసన్నపేట, టెక్కలి వైపు వాళ్లకి పెద్దపాడు దగ్గర సింహద్వారం. ఎవరు ఎటునుంచి వచ్చినా చివరికి డే అండ్ నైట్, ఏడు రోడ్ల కూడలి, ఆర్టీసీ కాంప్లెక్స్, ఈ మూడింటి చుట్టూనే తేలాలి. మధ్యలో నది ఉండబట్టి అడ్డదారులు తక్కువ. వంతెన ఈ కొన ఆగితే ఆ కొనా ఆగినట్టే.

అందుకే శ్రీకాకుళంలో రోడ్డు ఆపడానికి పెద్ద జనం అక్కర్లేదు. ఏడు రోడ్ల కూడలిలో వంద మంది బాసింపట్టు వేసుకుని కూర్చుంటే జిల్లా కేంద్రం మొత్తం బిగుసుకుపోయేది. విజయనగరంలో కోట దగ్గర ఆపితే రైల్వే స్టేషన్ వైపు నుంచి చుట్టు తిరిగి రావచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఆందోళన చేసేవాళ్లకీ ఈ సంగతి తెలుసు, పోలీసులకీ తెలుసు, అందుకే ఊరేగింపు ఆర్ట్స్ కాలేజీ దగ్గర మొదలైనా ఎన్టీఆర్ ఎంహెచ్ స్కూలు దగ్గర మొదలైనా ముగిసేది ఏడు రోడ్ల కూడలిలోనే.

రోజూ తిరిగేవాళ్లు మొదట చూసేది వచ్చిన జనం ఎంతమంది అని కాదు, ఏం పట్టుకొచ్చారు అని. గడ్డి బొమ్మ కనిపిస్తే గుండె కుదుటపడేది. దిష్టిబొమ్మ దహనానికి పావుగంట చాలు. పాత చొక్కా ప్యాంటులో వరిగడ్డి కూరి, మెడలో పేరు రాసిన అట్ట తగిలించి తెస్తారు. పోలీసులు లాక్కోబోతారు, వీళ్లు ఇవ్వరు, ఆ పెనుగులాటలో ఓ చెయ్యి ఊడుతుంది. మిగిలినదాని మీద సీసాలో తెచ్చిన పెట్రోలు పోసి అంటిస్తారు. విలేకర్లు ఫొటో తీసుకుంటారు, కానిస్టేబుల్ బక్కెట్ నీళ్లు కొడతాడు. అయిపోయింది. పదకొండుకి అన్నారంటే పదకొండూ పావుకి రోడ్డు ఖాళీ. ఆలస్యమయ్యిందంటే ఒక్కటే కారణం, ఫొటోగ్రాఫర్ రాలేదు. ఫొటో పడకుండా ఎవరూ లేవరు.

మానవహారం అరగంట. దీనికి చాలాసార్లు బడిపిల్లల్ని వరసగా తెచ్చి నిలబెట్టేవారు. పిల్లలు ఉన్నారంటే మధ్యాహ్నం బెల్లు లోపల అయిపోయి తీరుతుంది, ఎండకి టీచర్లే తొందరపెడతారు. పిల్లల్ని ఎండలో నిలబెట్టడం మాత్రం ఏ ఉద్యమానికీ అవసరం లేని పని, ఆ మాట అప్పుడూ అనుకునేవారు, ఇప్పుడూ అదే మాట.

రాస్తారోకో దగ్గర లెక్క కొంచెం కష్టం. అక్కడ చూడాల్సింది పోలీసు వ్యాను. జనం కూర్చున్న చోటికి యాభై గజాల్లో ఖాళీ వ్యానో బస్సో ముందే తెచ్చి నిలబెట్టి ఉంచారంటే అరెస్టులకి ఇరువైపులా సిద్ధపడే ఉన్నారని అర్థం. నినాదాలు, ఓ అరగంట వాగ్వాదం, ఎత్తి వ్యాన్లో కూర్చోబెట్టడం, వన్ టౌన్‌కో టూ టౌన్‌కో తీసుకెళ్లి సాయంత్రానికి సొంత పూచీకత్తు మీద వదిలెయ్యడం. వ్యాను లేకపోతేనే ప్రమాదం. అప్పుడు పెద్ద అధికారి ఎవరో వచ్చి వినతిపత్రం తీసుకునేదాకా లేవరు. ఆ అధికారి ఏ మండలంలో మీటింగులో ఉన్నాడో ఎవరికీ తెలీదు. ఇలాంటప్పుడు బస్సులో కూర్చోవడం వృథా, దిగి నడక మొదలెట్టడమే.

అన్నిటికంటే పొడుగైనది వంటా-వార్పు. అంటే రోడ్డు మీదే వండుకుని తినే నిరసన. 2013లో సమైక్యాంధ్ర ఉద్యమం అప్పుడు ఇది వీధివీధికీ పాకింది గానీ అంతకుముందూ ఉంది. రోడ్డు మధ్యలో షామియానా, మూడు పొయ్యిలు, పెద్ద గుండిగలు. వంద మందికి పులిహోర అంటే పది కిలోల బియ్యం, కిలో చింతపండు, లీటరుకి పైగా నూనె. పది కిలోలకి ఇరవై లీటర్ల ఎసరు పెట్టాలి. కట్టెల పొయ్యి మీద, పైగా నాలుగు వైపులా గాలి కొట్టే కూడలిలో, అది మరగడానికే ముప్పావుగంట. చాలామందికి తెలియనిది తారు సంగతి. ఇటుకలు నేరుగా తారు మీద పేర్చి మంట పెడితే, అరగంటకి అడుగున తారు మెత్తబడి ఇటుక ఒక పక్కకి దిగుతుంది, ఇరవై లీటర్ల ఎసరుతో గుండిగ ఒరుగుతుంది. చేయి తిరిగిన వంటవాళ్లు ముందు రెండు గమేళాల ఇసుక పరిచి, దాని మీద ఇటుకలు పెట్టేవారు. లేదా డివైడర్ పక్కన సిమెంటు ఉన్నచోటు చూసుకునేవారు. ఇసుక పరిచిన పొయ్యి కనిపించిందంటే వచ్చినవాళ్లు అలవాటున్నవాళ్లని, భోజనం ఒంటిగంటన్నరకల్లా అవుతుందని లెక్క. ఇసుక లేకపోతే రెండున్నర. తిన్నాక విస్తళ్లు ఎత్తి, షామియానా విప్పి, ఇటుకలు రిక్షాలో వేసేసరికి ఇంకో గంట. ఆ రోజు పొద్దున్న ఊళ్లోకి వెళ్లిన బస్సు మూడున్నర దాకా బయటికి రాదు. కళ్లాల్లో పని చేసినవాళ్లలా ఆఫీసు గుమస్తాలు కూడా ఆ పులిహోర రెండేసి విస్తళ్లు లాగించిన రోజులున్నాయి, దారి మూసినవాళ్ల చేతి వంటే అయినా.

ఆందోళన అయిపోయింది కదా, బస్సు కదులుతుంది అనుకోవడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. ధర్నా అరగంట, జామ్ రెండు గంటలు. ఎందుకంటే ఆగిన కాసేపటికి బైకులు, ఆటోలు ముందుకి దూరి ఎదురు వరసని కూడా నింపేస్తాయి. కూడలి తెరిచేసరికి ప్రతి రోడ్డులోనూ అటు వెళ్లాల్సినవీ ఇటు రావాల్సినవీ ముఖాముఖి ఉంటాయి. బస్సు వెనక్కి పోదామంటే వెనకాల మరో పది ఆటోలు. రోడ్లు ఏడు కాబట్టి ఒక రోడ్డు తోక పక్క రోడ్డు నోటికి అడ్డం పడుతుంది. అనుభవమున్న ట్రాఫిక్ ఎస్సై అయితే ముందు లోపలికి వచ్చేవాటిని ఎక్కడివక్కడ ఆపేసి, బయటికి పోయే వైపు ఒక్క రోడ్డు ఖాళీ చేయిస్తాడు, అది సాధారణంగా వంతెన వైపు రోడ్డు. ఆటోల్ని పక్క సందుల్లోకి తోయించి, ఇరుక్కున్న బస్సుల్ని ఒక్కొక్కటిగా అటు పంపేస్తాడు. బస్సులు పోతే సగం జామ్ పోయినట్టే. అనుభవం లేనివాడు నాలుగు వైపులా ఒకేసారి చెయ్యి ఊపుతాడు, అంతే, అందరూ వచ్చి మధ్యలో మళ్లీ బిగుసుకుంటారు. జనం ఎస్సైని చూసే చెప్పేవారు, ఈవేళ ఐదూ ఇరవై పాసింజర్ దొరుకుతుందో లేదో.

పూర్తి బంద్ అయితే ఆట తెల్లవారుజామునే మొదలు. నాలుగింటికల్లా డిపో గేటు ముందు కొందరు వచ్చి కూర్చునేవారు. మొదటి బస్సు బయటికి రానివ్వకపోతే మిగతావి రావు, గేటు ఒక్కటే కాబట్టి. అయినా రెండు రకాల బస్సులు రోడ్డు మీద కనిపించేవి. ఒకటి నైట్ హాల్ట్ బస్సులు, అంటే రాత్రే పల్లెల్లో ఆగిపోయిన పల్లెవెలుగులు. అవి పొద్దున్న ఐదున్నర, ఆరుకి బయల్దేరి వచ్చేస్తాయి, కానీ డిపోలోకి పోనివ్వరు. అందుకని ఊరి బయటే జనాన్ని దింపి ఏ పోలీసు స్టేషన్ ఆవరణలోనో పెట్రోలు బంకు వెనకాలో నిలబెట్టేసేవారు. రెండోది వేరే డిపోల బస్సులు. విశాఖ నుంచి పలాస వైపు పోయేవి ఊళ్లోకి రాకుండా రహదారి మీదే లాగించేవి. చిలకపాలెం దాటగానే కండక్టర్ గొంతు పెంచేవాడు, "బావూ, శీకాకులం వోల్లు నవభారత్‌లో దిగిపోండి, లోపలికి ఎల్తే రేత్రికి గానీ బయట పడం." ఆ మాట నమ్మాలి. "కాంప్లెక్స్‌కి టిక్కెట్టు కొన్నాను, అక్కడే దించాలి" అని వాదించినవాళ్లే వంతెన మీద మధ్యాహ్నం దాకా కూర్చునేవారు.

బస్సులో ఎక్కడ కూర్చోవాలన్నదీ ఒక లెక్కే. రాయి ఎక్కువగా రోడ్డు పక్క నుంచి వస్తుంది, మన బస్సు ఎడమ వైపు నడుస్తుంది, కాబట్టి ఎడమ కిటికీ సీటు వద్దు. ముందద్దం దగ్గర సీటు అసలే వద్దు. కుడివైపు నడిమి సీట్లు, అందులోనూ నడవా పక్కది. మధ్యాహ్నం రెండు దాటాక పోలీసు జీపు ముందు పెట్టి అయిదారు బస్సుల్ని ఒక వరసలో పంపేవారు. ఆ వరసలో మొదటిదీ చివరిదీ కాకుండా మధ్యది ఎక్కడం తెలివి. మొదటిదాన్ని ఆపుతారు, చివరిది వెనకబడిపోతుంది. బంద్ నాలుగు గంటలకల్లా మెత్తబడేది. దుకాణాలు షట్టరు సగం ఎత్తితే మూడు అయినట్టు, పూర్తిగా ఎత్తితే ఐదు.

ఆఫీసు దగ్గర వేరే బాధ. గవర్నమెంటు ఆఫీసు పదిన్నరకి. పది నిమిషాలు చూసి హాజరు రిజిస్టర్ అధికారి బల్ల మీదికి పోయేది. మూడు లేట్లకి ఒక సీఎల్, అంటే క్యాజువల్ లీవు పోతుంది, ఏడాదికి ఉన్నవే పదిహేను. అందుకే బంద్ ముందు రోజే లెక్క వేసుకోవాలి. పూట సీఎల్ పెట్టుకుంటే పదిన్నర నుంచి ఒకటిన్నర దాకా పోతుంది, రెండింటికి వచ్చి సంతకం పెట్టొచ్చు. దిష్టిబొమ్మ రోజున పూట సెలవు దండగ, వంటా-వార్పు రోజున పూట సెలవు చాలదు, రోజంతా పెట్టేయడమే. మనసున్న సూపరింటెండెంట్లు రిజిస్టర్ పన్నెండు దాకా తమ దగ్గరే అట్టేపెట్టేవారు. "రైలు లేటు" అని అర్జీ రాస్తే స్టేషన్ మాస్టర్ దగ్గర రైలు ఆలస్యమైనట్టు ధ్రువపత్రం తెమ్మనేవారూ ఉన్నారు.

బ్యాంకుల సంగతి ఇంకా చిత్రం. నగదు గదికి రెండు తాళాలు, రెండూ వేర్వేరు మనుషుల దగ్గర ఉంటాయి, ఇద్దరూ వస్తే గానీ తలుపు తెరుచుకోదు. అందులో ఒకరు విశాఖ నుంచి వచ్చేవారై, బస్సు రణస్థలం దగ్గర ఆగిందనుకోండి, బ్రాంచి తెరిచే ఉంటుంది, సిబ్బందీ ఉంటారు, డబ్బు మాత్రం ఉండదు. పింఛను కోసం వచ్చిన ముసలాళ్లు బెంచీ మీద కూర్చుని వంతెన వైపు చూసేవారు. అందుకే బంద్ పిలుపు పేపర్లో చూడగానే తాళం ఉన్న మనిషి ముందు రాత్రే వచ్చి ఊళ్లో తెలిసినవాళ్లింట్లోనో లాడ్జిలోనో పడుకోవడం చాలాచోట్ల ఆనవాయితీ.

పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల వాళ్లకి ఇది మరో రకం. అక్కడ మూడు షిఫ్టులు. మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టు బస్సు రహదారి మీద ఆగిపోతే పొద్దున్న ఆరింటికి డ్యూటీ ఎక్కినవాళ్లు దిగలేరు. రియాక్టర్లో సరుకు ఉడుకుతుంటే వేడి, ఒత్తిడి చూసే మనిషి లేకుండా వదిలి రాకూడదు. బదులు మనిషి వచ్చేదాకా డబుల్ డ్యూటీయే. రహదారి దిగ్బంధం అన్నప్పుడు ఆఫీసుల గురించి అందరూ మాట్లాడేవారు గానీ, పదహారు గంటలు నిలబడిన ఈ కుర్రాళ్ల గురించి ఎవరూ అనుకోలేదు.

రైలు వాళ్లం నిశ్చింత అనుకునేవారు, అదీ పూర్తి నిజం కాదు. సీజన్ టికెట్ చవక, నూట యాభై కిలోమీటర్ల దాకా ఇస్తారు, నెలది ఉంది, మూడు నెలలది ఉంది. కానీ రిజర్వేషన్ పెట్టెలెక్కకూడదు, సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే వేరే సర్‌ఛార్జి కట్టాలి. రైల్ రోకో మామూలుగా పది ఇరవై నిమిషాలే. ఇంజన్ ముందు జెండాలు, ఫొటో, దిగిపోవడం. రైల్వే చట్టం 174వ సెక్షన్ కింద కేసు పడితే రెండేళ్ల దాకా జైలు ఉంది, ఆ భయం కొంత. మరి ఇరవై నిమిషాల రోకోకి పాసింజర్ రెండు గంటలు ఎందుకు ఆలస్యమయ్యేది? ఇది హౌరా - చెన్నై మెయిన్ లైన్. దారి తెరవగానే ఆగిపోయిన మెయిళ్లు, ఎక్స్‌ప్రెస్‌లని రైల్వే కంట్రోలు ఆఫీసు ముందు వదులుతుంది. మన బండిని చీపురుపల్లిలోనో పొందూరులోనో లూప్ లైన్లో, అంటే పక్క పట్టాల మీద పెట్టి, ఒకటి తర్వాత ఒకటి దాటించి, ఆఖర్న వదులుతారు. తెలిసినవాళ్లు విజయనగరంలోనే పాసింజర్ దిగి, సర్‌ఛార్జి టికెట్ కొనుక్కుని, వెనకాల ఆగిన ఎక్స్‌ప్రెస్ జనరల్ పెట్టెలో ఎక్కేసేవారు. శ్రీకాకుళం రోడ్‌లో ఆగుతుందా అని చూసుకుని ఎక్కాలి, లేదంటే నేరుగా పలాసలో తేలతారు. నెల మధ్యలో బళ్లు ఎన్ని రోజులు ఆగినా పాసు గడువు మామూలుగా పెంచరు, అది గంగలో కలిసినట్టే.

ఆమదాలవలసలో దిగాక ఊళ్లోకి రావడం మరో కథ. బంద్ రోజున షేర్ ఆటోలు రాగోలు దాకా వచ్చి ఆగేవి, ఛార్జీ రెట్టింపు. అక్కడి నుంచి ఎవరి కాళ్లు వాళ్లవి. ఈ బాధలన్నిటికీ పాత ఉద్యోగులు కనిపెట్టిన మందు ఒకటే, బండి ఊరి బయట పెట్టుకోవడం. పాత లూనానో సైకిలో నవభారత్ దగ్గర తెలిసిన కొట్టు వెనకాల తాళం వేసి ఉంచేవారు. ఏ రోడ్డు మూసినా సైకిల్ని వంతెన మీద తోసుకుంటూ పోవచ్చు. ఊళ్లోని ఇంటి దగ్గర కారున్నవాడికి లేని దర్జా వంతెన అవతల సైకిలున్నవాడికి ఉండేది. బండికి పెట్రోలు ముందు రాత్రే కొట్టించుకోవాలి, బంద్ రోజు బంకులు సాయంత్రం దాకా తాళ్లు కట్టేస్తాయి. సంచిలో నీళ్ల సీసా, బిస్కెట్ పొట్లం, గుర్తింపు కార్డు, తువ్వాలు. చద్దన్నం డబ్బా తెచ్చుకున్నవాడే మధ్యాహ్నం రాజు, హోటళ్లు మూసి ఉంటాయి కదా.

ఈ లెక్కలన్నీ తప్పిన ఏడాది 2013. జులై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ రాష్ట్ర విభజన తీర్మానం చేసింది. దానికి నిరసనగా ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి ఎన్జీవోలు (నాన్ గెజిటెడ్ ప్రభుత్వోద్యోగులు), వాళ్లతోపాటు సీమాంధ్ర ఆర్టీసీ కార్మికులు సమ్మెలోకి దిగారు. అప్పటిదాకా దారి మూసేవాళ్లు ఒకరు, ఇరుక్కునేవాళ్లు ఒకరు. ఈసారి రిజిస్టర్లో సంతకం పెట్టేవాళ్లే కూడలిలో కూర్చున్నారు. ఊళ్లో డిపో గేటు ఎవరూ అడ్డగించకుండానే మూసుకుంది. రిలే దీక్షల శిబిరాలు రోడ్డు పక్కన శాశ్వతంగా వెలిశాయి. రోజుకో శాఖ వంతు, ఈవేళ రెవెన్యూ, రేపు టీచర్లు, ఎల్లుండి లాయర్లు. దాంతో ఆరోజు ఏ శాఖ వంతో కనుక్కుంటే ఎంతసేపు మూస్తారో తెలిసిపోయేది. టీచర్లదైతే క్రమశిక్షణగా టైముకి ముగుస్తుంది. లాయర్లదైతే ప్రసంగాలు పొడుగు.

బస్సుల్లేని ఆ రెండు నెలలు ప్రైవేటు ఉద్యోగులు, కూలీలు, రోగుల్ని తెచ్చేవాళ్లు మ్యాజిక్ బళ్లు, ఆటోలు, లారీ క్యాబిన్లలో తిరిగారు. రిమ్స్ ఆసుపత్రికి వచ్చేవాళ్లకి మాత్రం ఏ శిబిరమూ అడ్డం చెప్పలేదు, అంబులెన్స్ హారన్ వినగానే కూర్చున్నవాళ్లు లేచి దారిచ్చి మళ్లీ కూర్చునేవారు. ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం వైపు వెళ్లే పిల్లలు రహదారి దాకా ఒక ఆటో, అక్కడి నుంచి మరో ఆటో. అక్టోబర్ 3న కేంద్ర కేబినెట్ తెలంగాణ నోట్‌కి ఆమోదం వేశాక పరిస్థితి ఇంకా బిగుసుకుంది. విజయనగరంలో దాడులు, మంటలు, ఆ వెంటనే కర్ఫ్యూ. కర్ఫ్యూ ఊళ్లో ఏ లెక్కా పనిచేయదు, సడలింపు ఇచ్చిన గంటా రెండు గంటల్లోనే పాలు, కూరలు, మందులు. అదే వారంలో విద్యుత్ ఉద్యోగులు సమ్మె చేశారు. కరెంటు ఇంజన్లు ఆగాయి, ముఖ్యమైన బళ్లకి డీజిల్ ఇంజన్లు తగిలించి లాగారు, ఆఖరి వరసలో ఉండే పాసింజర్లకి మళ్లీ మొండిచెయ్యే. రైలుని నమ్ముకున్నవాళ్లకి అదొక్క వారం నిజంగా దారి లేకుండా పోయింది. అక్టోబర్ 12న పై-లీన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, ఇచ్ఛాపురం, కవిటి వైపు కొబ్బరి తోటలు పడిపోయాయి. ఆ రోజుల్లోనే ఆర్టీసీ బస్సులు మళ్లీ కదిలాయి, అక్టోబర్ 17న ఎన్జీవోలు సమ్మె విరమించారు. మొత్తం 66 రోజులు. శిబిరం గుంజలు పీకిన గుంతలు రోడ్డు పక్కన చాన్నాళ్లు ఉన్నాయి, వానకి నీళ్లు నిండి బైకు చక్రాలు దిగబడేవి.

2015 మే నెలలో ఫిట్‌మెంట్, అంటే జీతాల పెంపు కోసం ఆర్టీసీ సమ్మె జరిగినప్పుడు జనానికి పెద్ద తికమక పడాల్సిన పని లేకపోయింది. మ్యాజిక్ బళ్లు ఎక్కడ ఆగుతాయో, ఏ రైలుకి ఏది కలుస్తుందో 2013లోనే తేలిపోయింది. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వంలో కలిసిపోయారు.

ఇప్పుడు ఆందోళనలు చాలావరకు కలెక్టరేట్ దగ్గరికి మారాయి. సోమవారం అర్జీల రోజు, అధికారులంతా ఒకేచోట దొరుకుతారు, అందుకని సంఘాలూ ఆ రోజే ధర్నా పెట్టుకుంటాయి. సోమవారం పది నుంచి ఒంటిగంట దాకా అటువైపు కారు తీసుకుపోకుండా ఉంటే చాలు, ఊరు మామూలుగానే నడుస్తుంది. అనుమతి లేకుండా సభలు, ఊరేగింపులు కూడదనే పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉందన్న ప్రకటన నెలనెలా పేపర్లో వస్తుంది, ఏడు రోడ్ల కూడలికి చేరకముందే ఊరేగింపుని ఆపేస్తారు. రహదారి వెడల్పయ్యి, విశాఖ నుంచి వచ్చే బస్సు మునుపటి కంటే తొందరగా నవభారత్ చేరుతోంది. అక్కడి నుంచి వంతెన దాటి కాంప్లెక్స్‌కి చేరడానికి మాత్రం ఏ ధర్నా లేని రోజున కూడా సాయంత్రం ఆరుకి అరగంట పడుతోంది. అందుకు కారణం ఆటోలు, కార్లు, రోడ్డు మీదికి జరిగిన తోపుడు బళ్లు. దానికి వ్యాను తెచ్చి ఎవర్ని ఎక్కించాలో ఎస్సైకి కూడా తెలీదు.